అద్దాల పెట్టెలో జమ్మి ఆకు

మా షెడ్డుకు అద్దాల పని వచ్చిన మొదటి రోజు మా ఇంటాయన నాకు ఒకటే మాట చెప్పిండు. "అద్దాన్ని పండవెట్టొద్దు. ఎప్పుడు నిలవెట్టే ఉంచాలె. పండవెడితె దాని బరువుకు అదే పగులుతది. నిలవెడితె ఎంత దూరమైనా పోతది."

"గిది నాకు కొత్తనా? పెండ్లయినకాడి నుంచి నన్ను గట్లనే ఉంచినవు గద" అన్న.

ఆయన నవ్విండు. అప్పట్ల నవ్వేటోడు.

మేడ్చల్‌ల రైలు పట్టాలు దాటి లోపలికి పోతె లారీలు ఆగే జాగ ఉంటది. దాని ఎనుక రేకుల షెడ్డు మాది. ఇల్లు శామీర్‌పేట దిక్కు. పొద్దున సద్ది కట్టుకొని ఆయన బండి ఎనుక కూసుంటె, మొన్నటిదాంక మక్కజొన్న పండిన చెల్కలల్ల ప్లాట్ల రాళ్ళు చూసుకుంట చూసుకుంట షెడ్డుకు చేరేటోళ్ళం. చేరేసరికే సగం అలసట అయ్యేది. ఇగ రేకుల కింద మిగిలిన సగం.

మా ఇంటాయన ముందు దర్వాజలు, తలుపులు చేసేది. అవి అల్వాల్‌ల, మచ్చ బొల్లారంల ఇప్పటికి నిలవడి ఉన్నయి. ఆ తొవ్వల పోతుంటె బండి మెల్లగ చేసి చూపిస్తడు, "అగో, గది నాదే" అని. తర్వాత తయారు తలుపులు దుకాణాలకు వచ్చినయి, జనం పోయి కొనుక్కొచ్చుకునుడు మొదలువెట్టిన్రు. గదే కాలంల ఒక ఇంటికాడ పరంజ మీదికెల్లి పడి ఆయన కుడి భుజం జారింది. అతికింది గని, చెయ్యి చెవు దాటి పైకి లేవదు. అంగి తొడిగినా, విప్పినా నేను పట్టాలె. గా చెయ్యితోటి ఎత్తు మీద పని చెయ్యలేడు, మోత మొయ్యలేడు. కింద కూసొని, ఒడి ముంగట చెక్క పెట్టుకొని చేసే పని ఒక్కటే మిగిలింది. గదే పెట్టెల పని. ఈ షెడ్డు పోతె ఆయన చేతికి ఇంకో పని లేదు. ఈ ముచ్చట మా ఇంట్ల ఎవ్వరం నోరు తెరిచి అనకపోయేది గని, అందరికి తెలుసు.

కంపెనీ చిన్నది. పలుచటి అద్దం పలకలు కోసి బయటి దేశాలకు పంపుతరు. వాళ్ళ వ్యాను అద్దాలను ఏటవాలు చట్రానికి ఆనించి నిలవెట్టుకొని మా షెడ్డుకు వచ్చేది. మేము పెట్టె చేసి, అద్దాలు అండ్ల నిలవెట్టి, మూసి ఇస్తె కంటైనర్ లారీ వచ్చి తీసుకపోయేది. ఆడికెల్లి ఓడ.

నా పని కాయితం. ఒక పలకకు ఇంకో పలకకు నడుమ పలుచటి కాయితం పెట్టాలె. కాయితం పొడిగ ఉండాలె. జర తడి ఉన్నా, ఓడల వారాల తరబడి పోంగ పోంగ పలకలు ఒకదానికొకటి అతుక్కుంటయి, లేకుంటె అద్దం మీద తెల్లగ పొగ వట్టినట్టయితది, ఎంత తుడిచినా పోదు. వానకాలం వచ్చిందంటె నేను పొద్దంత కాయితం కట్టలు ఎండకు పెట్టుడు, మబ్బు పడితె లోపలికి ఉరికిచ్చుడు. మా అత్త అంటుండె: "ఒడియాలకన్న గారాబం చేస్తున్నవు గదనే కాయితాలను. ఒకనాడు పొరపాటున నూనెల ఏంచుతవు."

మా అత్తకు ఎనభై దాటినయనే అనుకుంటున్నం, ఆమెకే తెల్వదు. మధ్యాహ్నం దాటినంక షేరు ఆటో ఎక్కి షెడ్డుకు వచ్చేది. ఇంట్ల ఒక్కతి కూసుంటె పొద్దు పోదని. వచ్చి ఊకోదు. కింద పడ్డ సీలలన్ని ఏరుతది, వంగినయి రాయి మీద పెట్టి సాపు చేస్తది. "నీ కొడుకు కొత్త సీలలు కొంటడు అత్తా" అంటె, "కొననీ, ఇవి నావి" అంటది.

చెక్క గురించి ఒక ముచ్చట చెప్పాలె, ఎందుకంటె తర్వాత మా మీదికి వచ్చింది అండ్లకెల్లే. బయటి దేశం పోయే పెట్టెకు పచ్చి చెక్క పనికి రాదు. చెక్కను భట్టీల వేడి చెయ్యాలె. లోపల పురుగు గని, గుడ్డు గని ఉంటె చావాలె. వేడి చేసినట్టు చెక్క మీద ముద్ర కొడ్తరు. ముద్ర లేని పెట్టెను అక్కడి ఓడరేవుల దించనియ్యరట. మన పురుగు పోయి వాళ్ళ చెట్లకు వడుతదని భయం. మా ఇంటాయన ముద్ర కనవడేటట్టు చెక్కను తిప్పి తిప్పి కొట్టేది. గంత తెలిసినోళ్ళమే మేము.

కంపెనీల పెట్టెల పని చూసే సారు ఒకాయన ఉండె. ఆంధ్ర దిక్కు మనిషి, నాగారంల కొత్త కాలనీల ఉంటడు. మెత్తగ మాట్లాడ్తడు, ఎదుటి మనిషి చెప్పేది ఇంటడు. ఒకనాడు వచ్చి స్టూలు మీద కూసొని, చాయ తాగి, గ్లాసు కింద పెట్టకుంట చేతుల్లనే తిప్పుకుంట ఉన్నడు. నాకు అప్పుడే అర్థమైంది, ఏదో మంచిది కాదు అని.

"మేస్త్రీ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మన పెట్టె చూడండి. ఆరు వైపులా చెక్క, దాని మీద ప్లైవుడ్. లోపల అద్దం కన్నా బయట చెక్కే ఎక్కువ బరువు తూగుతోంది. ఓడ వాడికి మనం అద్దం మోసినందుకు కాదు, చెక్క మోసినందుకు ఇస్తున్నాం. పైన వాళ్ళు ఇనప చట్రాలు చూస్తున్నారు. మడిచి వెనక్కి తెప్పించుకోవచ్చట."

"అవి వస్తె?" అన్నడు మా ఇంటాయన.

"వస్తే పెట్టెల పని ఉండదండీ."

మా అత్త రాయి మీద సీల కొడుతనే ఉన్నది, టిక్కు టిక్కుమని.

సారే మల్ల అన్నడు: "దసరా తర్వాత ఒక కంటైనర్ వెళ్తుంది. దాంట్లో ఒక పెట్టె మనం కొత్త రకంగా చేసి పెట్టడానికి ఒప్పించాను. సగం చెక్కతో కావాలి. అద్దం పగలకూడదు. అది అక్కడికి క్షేమంగా చేరితే ఇనప చట్రాల మాట పక్కన పెడతారు. చేరకపోతే ఇంక నా చేతిలో ఏం లేదు."

ఇగ ఆనాటి నుంచి మా ఇంట్ల మాట లేదు, నవ్వు లేదు. ఆయన బువ్వ తినుకుంట గూడ పళ్ళెం పక్క మీద ఏలితోటి గీతలు గీసేది. నిద్రల భుజం నొచ్చి మూల్గుతడా, చెక్క తక్కువ అయితాందని మూల్గుతడా నాకు తెలిసేది కాదు.

మొదలు ప్లైవుడ్ తీసేసిండు. మీదికెల్లి చెక్క పట్టీలు మాత్రం కొట్టి, ఖాళీ ఉన్నకాడ థర్మకోల్ ముక్కలు కుక్కిండు. పనికిరాని, అంచు దెబ్బతిన్న పలకలు సారు పంపిచ్చిండు పరీక్షకు. ఇగ పరీక్ష ఎట్ల చేసుడు? ఓడను ఏడికెల్లి తెస్తం? మా ఇంటాయనే అన్నడు, "మన రోడ్డు కన్న ఎక్కువ ఊపుతదా సముద్రం?" అని. ట్రాలీ ఆటో మాట్లాడి పెట్టెను అండ్ల పెట్టి, మేడ్చల్‌ నుంచి శామీర్‌పేట చెరువు కట్టదాంక పోయి మల్ల రావాలె. మంచి రోడ్డు విడిచిపెట్టి, గుంతలున్న లోపలి తొవ్వన. ఆయన ముంగట డ్రైవర్ పక్కకు కూసున్నడు. పెట్టె పక్కన ఎవరన్న కూసొని ఇనాలె, ఏడ సప్పుడైతాందో చెప్పాలె. ఆ పని నాకు వచ్చింది.

ఎండ. ట్రాలీ ఇనుము కాలుతాంది. నేను కొంగు నెత్తికి చుట్టుకొని, పెట్టెకు చెవు ఆనించి కూసున్న. తొవ్వంట పోయేటోళ్ళు చూస్తున్నరు. ఒకామె అడగనే అడిగింది: "ఏమైందక్కా, పెట్టెల ఎవరున్నరు?" అని. "నా పెనిమిటి పానం ఉన్నది" అన్న. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొంత దూరం బానే ఉండె. తర్వాత లోపలికెల్లి సన్నగ మొదలైంది. గల్లు... గల్లు... కాలి గజ్జె లెక్క. ప్రతి గుంతకు ఒక్కసారి. మెల్లగ గుంత లేకున్నా గల్లుమంటాంది. చెరువు కట్ట చేరకముందే ఠప్పుమని ఒకటే సప్పుడు. నేను చేతితోటి రేకు మీద కొట్టిన. బండి ఆగింది. ఆయన దిగి నా మొహం చూసిండు. బండిని ఎనుకకు తిప్పుమన్నడు.

షెడ్డుకు తెచ్చి ఇప్పితె పలకలు నిలవడే ఉన్నయి. చూస్తె ఏం కానట్టే ఉన్నయి. కాయితం పట్టుకొని జర గుంజితె అన్ని ముక్కలై జారినయి. పగిలిన అద్దం ఏరుడు కన్న పాడు పని లేదు. మనిషి ఎంత అలిసినా అది ఏరేటప్పుడు అలిసిపోవద్దు. కన్ను ఇంకో దిక్కు పోవద్దు.

మల్ల చేసిండు. ఈసారి కింద మందంగ మెత్తటిది పరవాలె అనుకున్నడు. వరిగడ్డిని తాడు లెక్క వెంటి పేని చుట్టూ కట్టుదమా అన్నడు. గడ్డికి కరువు లేదు, శామీర్‌పేట దిక్కు ఎవరిని అడిగినా ఇస్తరు. సారు చెయ్యి అడ్డం ఊపిండు. "గడ్డి వద్దు, ఊక వద్దు, మేస్త్రీ. పొలంలోంచి వచ్చింది ఏదీ పెట్టకూడదు. చెక్కనే వేడి చేసి పంపిస్తున్నాం కదా, గడ్డి ఎలా రానిస్తారు?" సరే అన్నడు మా ఇంటాయన. నేను గూడ ఇన్న. మా అత్త గూడ ఇన్నది. అందరం ఇన్నం.

గడ్డి బదులు పాత టైర్ల ట్యూబు కోసి కింద పరిచిండు. మల్ల ట్రాలీ. మల్ల నేను. మల్ల గల్లు... గల్లు. ఈసారి చెరువు కట్టదాంక పోయినం గని, తిరుగు తొవ్వల ఠప్పుమన్నది.

ఆ రోజు షెడ్డుల ఆయన గోడకు ఆనుకొని కూసున్నడు, కాళ్ళు చాపుకొని. కంట్ల నీళ్ళు లేవు. గంతకన్న పాడుగ ఉన్నది మొహం. మా అత్త సీల కొట్టుడు ఆపి అన్నది: "నీ అద్దాలేం అద్దాలురా కొడుకా. మనూరికి గాజులామె వస్తుండె యాదికున్నదా? తాళ్ళకు గుచ్చిన గాజుల మలారం భుజానికి ఏసుకొని బస్సు మీద, ఎడ్ల బండి మీద, బురదల నడుచుకుంట వచ్చేది. ఒక్క గాజు పగులకపోయేది. నీయి గింత రోడ్డుకు పోయి రాలేకపోతున్నయి."

"గాజులు వేరు, అద్దాలు వేరు అవ్వా. ఊకో" అన్నడు.

"వేరెందుకురా? అవి బిగవట్టి గుచ్చుతది గాజులామె. తాడు వదులైతెనే గాజు పలుకుతది. పలికినంక పగులుతది."

ఆయన చాయ తాగిండు. గ్లాసు కింద పెట్టి నా దిక్కు చూసి, "నీకు సప్పుడు ముందు ఏడికెల్లి వచ్చింది? అడుగుకెల్లా, పక్కకెల్లా?" అన్నడు.

"నడుమకెల్లి. పలకలు ఒకదానికొకటి తాకుతున్నయి."

"గంతే గద" అన్నడు. లేవలేక లేచిండు.

మా అత్త మాట ఒక్కటే సరిపోలేదు, ఊరికే చెప్పొద్దు. తాడుతోటి బిగవడితె బిగవట్టినకాడ అంచు పగిలింది. అప్పుడు సారు బలమైన ప్లాస్టిక్ పట్టీలు తెచ్చిండు, పట్టీ కింద మందం అట్ట ముక్కలు మూలకు మడిచి పెట్టాలన్నడు. పలకలన్ని జర ఎనుకకు వాలి ఉండేటట్టు చెక్క నిలవెట్టాలని బొమ్మ గీసిండు. మా ఇంటాయన గా వాలును పట్టుకున్నడు. ఇద్దరు కింద కూసొని చిన్న పిల్లల లెక్క చెక్క ముక్కలు జరుపుకుంట, "ఇట్లనా సారూ?" "కొంచెం అలా, మేస్త్రీ" అనుకుంట పొద్దు పొయ్యేదాంక చేసేటోళ్ళు. సారు పాంటుకు చెక్కపొడి. ఇంటికి పోతె వాళ్ళ ఆమె తిడ్తదట. "మీ షెడ్డుకొచ్చాకే నాకు ఈ తిట్లు" అనేటోడు నాతోటి, నవ్వుకుంట.

ఆఖరుకు అయిన పెట్టె పెట్టె లెక్కనే లేదు. అడుగుకు చెక్క, దాని మీద ట్యూబు ముక్కలు, ఎనుకకు వాలు చట్రం, ముంగట అడ్డం పట్టీ. పక్కలు ఖాళీ. పలకల కట్టంత ఒక్క ముద్దయి చట్రానికి ఆనుకొని, అట్టలల్ల మూలలు చుట్టుకొని, పట్టీలతోటి బిగిసి ఉన్నది. లోపలున్నది అద్దమని బయటికి కనవడుతాంది. "గిది మంచిదే" అన్నడు మా ఇంటాయన. "మూసిన పెట్టెను హమాలీ ఎత్తేస్తడు. అద్దం కనవడితె వాని చెయ్యి మెత్తగైతది."

ట్రాలీల మల్ల పోయినం. నేను చెవు ఆనించిన. గుంత వచ్చింది. ఏం లేదు. ఇంకో గుంత. ఏం లేదు. రోడ్డు సప్పుడు, ఆటో సప్పుడు, నా గుండె సప్పుడు. పెట్టెల సప్పుడు లేదు. చెరువు కట్ట మీద ఆగితె ఆయన దిగొచ్చి అడిగిండు: "ఏమంటాంది?"

"ఏమంటలేదు. పండుకున్నట్టుంది."

"పండుకోనియ్యకే" అన్నడు. చాన్నాళ్ళకు ఒక నవ్వు.

అసలు పెట్టె కట్టింది దసరా పండుగనాడు. తెల్లారితె లారీ. పండుగనాడు పని ముట్టొద్దంటరు గని ఆరోజు మాకు వేరే తొవ్వ లేకపోయె. పొద్దున రంపం, ఉలి, సుత్తె, అన్నిటికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మల్ల అవే చేతులల్లకు తీసుకున్నం. పలకలు నిలవెట్టిన, కాయితాలు పెట్టిన. పొద్దు గుంకక ముందు మా అత్త జమ్మికి పోయి వచ్చింది, కొంగుల ఆకు మూటగట్టుకొని.

మా దిక్కు దసరానాడు జమ్మి ఆకును ఆకు అనరు. బంగారం అంటరు. ఇంట్ల పెద్దోళ్ళు చిన్నోళ్ళ చేతుల్ల పెడ్తరు, కాళ్ళు మొక్కిచ్చుకుంటరు, అలాయ్ బలాయ్ తీసుకుంటరు. మా అత్త కొడుకు చేతుల పెట్టింది, నా చేతుల పెట్టింది. రంపానికి పెట్టింది. సుత్తెకు పెట్టింది. తర్వాత పెట్టె దగ్గరికి పోయింది. రెండు చేతులు చాపి పెట్టెను కడుపుకు పట్టుకున్నది, మనిషిని పట్టుకున్నట్టు.

"చూడవయ్యా, మీ అమ్మ పెట్టెతోటి అలాయ్ బలాయ్ తీసుకుంటాంది" అన్న నేను.

"తీసుకోనీ. దూరం పోతాంది గద" అన్నడు.

అడుగున చెక్కకు ట్యూబు ముక్కకు నడుమ సందు ఉంటది. మా అత్త కొంగుల మిగిలిన బంగారమంత అండ్లకు జొరవెట్టింది. "నా కొడుకు చేతి పని చల్లగ చేరాలె తల్లీ" అన్నది. ఆయన వంగి ఆమె కాళ్ళు మొక్కిండు. నేను గూడ మొక్కిన. తర్వాత ఆయన పట్టీ బిగిచ్చిండు. గడ్డి వద్దని సారు చెప్పింది మా ముగ్గురిల ఒక్కరికి గూడ యాదికి రాలేదు. యాదికి వస్తె గూడ, గిది గడ్డి కాదు గద అనేటోళ్ళమే. అది పెట్టెల పెట్టే సామాను అనుకుంటె గద ఆలోచన వచ్చేది. అది దీవెన. దీవెనకు వేడి చేసి ముద్ర కొట్టాల్నని ఎవరనుకుంటరు?

తెల్లారి లారీ వచ్చింది, పోయింది.

ఇగ ఎదురుచూసుడు. వేరే పని రాలేదు. పాత పెట్టెలు కంపెనీ ఆపేసింది, కొత్తది తేలేదాంక. ఆయన పొద్దున షెడ్డుకు పోయి, ఊడ్చి, రంపం పండ్లు సాన పెట్టుకొని, మల్ల వచ్చేటోడు. షెడ్డు మీదికి ఒక యాపచెట్టు కొమ్మ వాలి ఉండేది. దాని నీడల స్టూలు ఏసుకొని కూసునేది. ఫోను మోగితె ఉలిక్కిపడేది. ప్లాట్లు అమ్మేటోళ్ళ ఫోన్లే అన్ని. "మేడ్చల్ దగ్గర మంచి ప్లాటు ఉన్నది సార్" అంటె, "నేను మేడ్చల్‌లనే కూసున్న, నాకు కనవడ్తలేదు" అని పెట్టేసేది.

చలికాలం మొదలైనంక సారు వచ్చిండు. ఫోన్ చెయ్యలేదు, మనిషే వచ్చిండు. స్టూలు ఏస్తె కూసోలేదు.

"ఒక్క పలక కూడా పగల్లేదు మేస్త్రీ" అన్నడు.

మా ఇంటాయన కండ్లు మూసుకున్నడు. నేను దేవునికి దండం పెట్టుకుంటున్న, సారు మొహం చూసి చేతులు ఆగినయి.

"కానీ పెట్టెను ఓడరేవులో ఆపేశారు. మన ఒక్క పెట్టె కాదు, మొత్తం కంటైనర్. లోపల ఏదో ఆకు దొరికిందట. మందు పొగ పెట్టించి, అన్నీ విప్పి చూసి, అప్పుడు వదిలారు. పైన వాళ్ళు నన్ను కడిగేశారు. మేస్త్రీ, ఆకు ఎక్కడిది?"

ఫోన్ తీసి చూపిచ్చిండు. తెల్లటి బల్ల మీద ఎండిన జమ్మి ఆకులు పరిచి ఉన్నయి. పక్కన కొలత బద్ద పెట్టి, ఎంత పొడుగో తెలిసేటట్టు ఫోటో తీసిన్రు. చేతి తొడుగు ఏసుకున్న ఏలు ఒకటి అంచుకు కనవడుతాంది. పామును పట్టినట్టు పట్టిన్రు.

మా అత్తకు దగ్గరికి పోతె గని కనవడదు. ఫోన్ గుంజుకొని కండ్లకాడ పెట్టుకొని చూసింది. "మన బంగారం! ఎంత మంచిగ పెట్టిన్రు చూడు వరుసగ. అక్కడ గూడ తెలిసిన మనుషులున్నట్టున్నరు" అన్నది.

సారుకు కోపం రావాలె. రాలేదు. మొహం మీద చెయ్యి రాసుకొని, "అమ్మా, వాళ్ళకి అది పురుగున్న కొమ్మ" అన్నడు. "మా ఇంట్లో కూడా దసరాకి జమ్మి పూజ చేస్తాం. నేనూ ఆ రోజు ఇక్కడే ఉండి ఉంటే, నాకూ తట్టేది కాదేమో. కానీ పైన వాళ్ళకి ఆ మాట చెప్పలేను కదా."

అప్పుడు అర్థమైంది ఆమెకు. కొడుకు దిక్కు చూసింది. "పనివోయిందా బిడ్డా?" అన్నది, చిన్నగ.

పని పోలేదు. గా మాట సారు జల్దీ చెప్పిండు, ముసలామె మొహం చూడలేక. పెట్టె మంచిగున్నదన్నరట. అక్కడ కొనుక్కున్నోళ్ళు, ఇప్పుడు తీసుడు సులువున్నది, పారవోసే చెక్క తక్కువున్నది అని మెచ్చుకున్నరట. ఇనప చట్రాలు పక్కన పెట్టిన్రు. కాకపోతె అద్దాలు ఇగ మా షెడ్డుకు రావు. కట్టుడు కంపెనీ లోపల, తలుపులు మూసిన గదిల. పూలు గని, తిండి గని, ఏవీ లోపలికి పోవద్దు. మా ఇంటాయన షెడ్డుల ఉత్త చట్రాలు చేసి ఇయ్యాలె. షెడ్డు గూడ వచ్చి చూస్తరు, ఒక్క ఆకు కనవడితె ఆరోజుతోటి సరి.

"మరి కాయితం?" అన్న నేను.

"అక్కడ వేరే వాళ్ళని పెట్టుకుంటారమ్మా" అన్నడు సారు. నా దిక్కు చూడకుంట అన్నడు.

ఎండకు పెట్టిన కాయితం కట్ట ఒకటి ఇంక వాకిట్ల ఉండె. సారు పోంగ దాన్ని చంకల పెట్టుకొని పోయిండు.

తెల్లారి మా ఇంటాయన ఒక మనిషిని పిలిచి యాపకొమ్మ కొట్టిచ్చిండు. షెడ్డు మీద ఒక్క ఆకు రాలొద్దని. కొమ్మ కింద పడ్డంక ఎండ సీదా రేకుల మీదికి వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం షెడ్డుల కూసోలేం. ఆయన మాత్రం కూసుంటడు. సగం చెక్క పెట్టె గద, సగం పనే. పొద్దున మొదలువెట్టినయి ఎండ నెత్తికెక్కేసరికి అయిపోతయి. ఆయన తెలివి, సారు తెలివి, మా అత్త నోరు, నా చెవు, అన్ని కలిసి చేసింది గంతే, ఆయన పని సగం చేసినం. అయినా షెడ్డు తలుపు తెరిచే ఉన్నది. పొద్దున పోయే జాగ ఒకటి ఉన్నది ఆయనకు. నేను గూడ పోత, ఊడుస్త. తడిబట్ట పెడ్త. గాలికి ఏదన్న ఆకు కొట్టుకొని వస్తె ఉరికి ఏరుత, ఏరి ఏం చెయ్యాల్నో తెల్వక కొంగుల ముడేసుకుంట. మా అత్త షెడ్డుకు రావుడు మానేసింది. ఆమె సాపు చేసిన సీలల డబ్బా అట్లనే ఉన్నది, ఆయన కొత్తయి తీస్తడు గని దాన్ని ముట్టడు.

మొన్న మల్ల దసరా వచ్చింది. ఆయన షెడ్డుకాడనే ఉన్నడు, చట్రాలు తెల్లారే ఇయ్యాలె. పొద్దు గుంకే యాల్లకు మా అత్తను నేనే ఆటోల తీసుకొని పోయిన. కొంగుల బంగారం. రోడ్డు దిగి షెడ్డుకు ఇంక దూరం ఉండంగనే ఆమె ఆగిపోయింది.

"నువ్వు పిలువు" అన్నది. "నేను ఇక్కడనే ఉంట."

పిలిచిన. ఆయన చేతులు దులుపుకుంట బయటికి వచ్చిండు. తల్లి ఆకు పెట్టింది చేతుల. కాళ్ళు మొక్కిండు. ఆమె రెండు చేతులతోటి కడుపుకు పట్టుకున్నది, పెట్టెను పట్టుకున్నట్టే. ఆకు కింద పడకుంట ఆయన అంగి జేబుల పెట్టుకున్నడు. తర్వాత షెడ్డు దిక్కు రెండడుగులు ఏసి ఆగిండు. జేబు మీద చెయ్యి పెట్టుకొని జరసేపు నిలవడ్డడు. నా దిక్కు చూసి కుడి చెయ్యి జర దూరం చాపిండు. నేను పోయి, భుజం నొవ్వకుంట అంగి విప్పిన. కొమ్మ కొట్టేసిన యాపచెట్టుకు ఎన్నడో కొట్టిన సీల ఒకటి ఉన్నది, మా అత్త సాపు చేసిందే. దానికి తగిలిచ్చిన, జేబుల ఆకు అట్లనే ఉండంగ.

ఆయన బనీను మీద లోపలికి పోయిండు. కొద్దిసేపటికి సుత్తె సప్పుడు మొదలైంది. మా అత్త, నేను అంగికి కావలి ఉన్నట్టు ఆ చెట్టుకాడనే కూసున్నం, ఆయన పని అయ్యేదాంక.